పసివారి మాత్ర

మాత్ర యను మాట మనకు రెండుచోట్ల తటస్థపడుచుండును. ఛందస్సు నేర్చుకొను విద్యార్థికి అది లఘువు నుచ్చరించుటకు పట్టు కాలము. జ్వరము తగిలినవానికి అది మందుల దుకాణములో రేకుపొరలో పొదిగి అమ్మెడు తెల్లని బిళ్ల. ఈ రెంటికిని మూలమైన సంస్కృతార్థము కొలత యని. 'అంతమాత్రము', 'ఏమాత్రము' అని పలుకునప్పుడెల్ల మన మెఱుగకయే ఆ యర్థమును వాడుచున్నాము. పూర్వపు వైద్యగ్రంథములలో మాత్ర యనగా మందు కాదు. ఈ రోగికి, ఈ వయస్సునకు, ఈ బలమునకు ఇంత యని నిర్ణయింపబడిన మందుయొక్క పరిమాణము. క్రమముగా కొలతపేరు వస్తువునకు వచ్చినది. వస్తువు మిగిలినది, కొలత మఱుగుపడినది. దీనివలన పెద్దవారికి కలిగిన నష్టము స్వల్పము. పసివారికి కలిగిన నష్టము స్వల్పము కాదు. ఇటీవల కొన్ని దేశములలో ఒక్కొక్క బిడ్డకు తగిన మోతాదును వేఱువేఱుగా యంత్రముతో అచ్చొత్తి యిచ్చు ప్రయత్నములు జరుగుచున్నవి. ఆ ప్రయత్నము ఎట్టి కొఱతను తీర్చుటకు పుట్టినదో తెలియవలెనన్నచో కొంత వెనుకనుండి రావలసియున్నది.

సుశ్రుతసంహిత శారీరస్థానమున శిశువులు మూడు తెగలుగా చెప్పబడిరి: పాలు మాత్రమే త్రాగువారు, పాలును అన్నమును తీసికొనువారు, అన్నము తినువారు. నెల దాటిన పాలబిడ్డకు వ్రేలికణుపులతో పట్టినంత మందు, రెండవ తెగవానికి రేగుగింజంత ముద్ద, మూడవవానికి రేగుపండంత ముద్ద యని అందు విధింపబడినది. కాశ్యపసంహిత కేవలము బాలవైద్యమునకై పుట్టిన గ్రంథము. నేపాళమున దొరకిన తాళపత్రముల ప్రతినుండి 1938లో అచ్చయినది. అప్పుడే పుట్టిన బిడ్డకు వాయువిడంగపు గింజంత మందు చెప్పి, దానిని నెలనెలకు పెంచుచు, ఎంత పెంచినను ఉసిరికాయను మీఱరాదని అందు హద్దు పెట్టిరి. శార్ఙ్గధరుడు మఱింత లెక్కగా పోయెను. మొదటి నెలలో ఒక గురివిందగింజయెత్తు. ఏడాది నిండువఱకు నెలకొక గింజ చొప్పున పెంపు. ఆపైన పదునాఱేండ్లవఱకు ఏటికొక మాషము చొప్పున పెంపు. డెబ్బదియేండ్లు దాటిన వృద్ధునకు మరల బాలునకువలెనే క్రమముగా తగ్గింపవలెనని కూడ ఆతడు చెప్పెను.

రేగుపండ్లన్నియు నొక్క పరిమాణమున నుండవని ఆక్షేపింపవచ్చును. నిజమే. గురివిందగింజ తూనికకు మేలైనదే గాని, నమలి మ్రింగినచో అదియే విషము. బిడ్డల మందును విషపుగింజతో తూచిన కాలము మనది. అయినను ఈ కొలతలలో మేము గమనింపగోరునది యొకటి కలదు. వైద్యుడు మొదట బిడ్డను చూచెను, పిమ్మట మందును తీసెను. మన యిండ్లలోని ముసలమ్మలును ఆ వరుసనే పాటించెడివారు. వసకొమ్మును సానపై ఎన్ని చుట్లు అఱగదీయవలెనో బిడ్డ నెలలనుబట్టి చెప్పెడివారు. మా నాయనమ్మ వాడిన ఉగ్గుగిన్నె లోపల మేకుతో గీచిన గీత యొకటి యుండెడిది. ఆమున్నీరు ఆ గీతను దాటరాదని ఆమె పట్టుదల.

ఇట్లు చెప్పుటచే మేము వసను, తేనెను సమర్థించుచున్నామని చదువరులు తలంపరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట ప్రమాదకరమని నేటి వైద్యశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. తేనెలో నుండదగిన ఒకవిధమైన సూక్ష్మబీజములు పసిప్రేవులలో మొలకెత్తి విషమును పుట్టింపగలవు. శార్ఙ్గధరుడు తేనెతోనే నాకింపుమన్నాడు గదా యని వాదించు బంధువులు మాకును కలరు. ఇక నల్లమందు కథ ఇంతకంటెను చెడ్డది. ఇంగ్లండు మిల్లుపట్టణములలో 19వ శతాబ్దమున గాడ్ఫ్రీ కార్డియల్ అను పేరుతో నల్లమందు కలిపిన తీపిపానకమును బహిరంగముగా అమ్మిరి. తరువాతి కాలమున బొంబాయి మిల్లుపేటలలో పనికిపోవు తల్లులు బిడ్డ నిద్రించుటకై నల్లమందు బిళ్లను పెట్టెడివారు. ఎంత పెట్టవలెననుట తల్లి అలసటనుబట్టి నిర్ణయమయ్యెను. బిడ్డ బరువునుబట్టి కాదు.

పాశ్చాత్యవైద్యము ఈ కొలతను గణితముగా మార్చెను. థామస్ యంగ్ అను ఆంగ్లవైద్యుడు, వెలుగు తరంగస్వభావము కలదని ప్రయోగముతో చూపినవాడును, ఈజిప్టు రోసెట్టా శాసనమును చదువబూనినవాడును ఆతడే, 19వ శతాబ్దారంభమున నొక సూత్రమును చెప్పెను. బిడ్డ వయస్సునకు పండ్రెండు కలిపి, ఆ మొత్తముతో వయస్సును భాగింపవలెను. వచ్చినది పెద్దవాని మోతాదులో బిడ్డ పాలు. నాలుగేండ్ల బిడ్డకు నాలుగవ వంతు, పండ్రెండేండ్ల బిడ్డకు సగము. పిమ్మట క్లార్కు సూత్రము వచ్చెను: బిడ్డ బరువును పౌనులలో తూచి 150తో భాగింపుమని. 1950లో అమెరికా వైద్యులు కొందఱు, మందు ఖర్చగుట శరీరపు పైచర్మపు వైశాల్యముతో నెక్కువగా సరిపోవుచున్నదని తలచి, వైశాల్యమునుబట్టి మోతాదు కట్టు పద్ధతిని సులభముచేసి ప్రకటించిరి.

పది కిలోల బరువుగల ఏడాదిబిడ్డను తీసికొందము. యంగు లెక్కచొప్పున ఆ బిడ్డకు పెద్దవాని మోతాదులో 13వ వంతు. క్లార్కు లెక్కచొప్పున సుమారు 7వ వంతు. వైశాల్యపు లెక్కచొప్పున నాలుగవ వంతుకంటె కొంచెము హెచ్చు. మేము తొమ్మిదవ తరగతిలో భిన్నములు చెప్పునప్పుడు ఈ లెక్కను నల్లబల్లపై వేసితిమి. ఒక బాలుడు లేచి, "వీనిలో సరియైన జవాబేదండీ?" అని యడిగెను. మందునుబట్టి మారునని చెప్పితిమి గాని, ఆ జవాబు వానికిని మాకును తృప్తి కలిగింపలేదు. మూడు సూత్రములకును సామాన్యమైన దోష మొకటి కలదు. మూడును పెద్దవానితో మొదలుపెట్టును. బిడ్డ పెద్దవానిలో నొక భిన్నమని అవి ముందే యొప్పుకొనినవి.

ఇట్లు లెక్క సూక్ష్మమగుచుండగనే వస్తువు మొండిదయ్యెను. 1843లో విలియం బ్రాకెడన్ అను ఆంగ్ల చిత్రకారుడు, పెన్సిళ్లకు వలయు గ్రాఫైటుపొడిని అచ్చులో నొత్తి గట్టిపఱచు సాధనమునకు పేటెంటు పొందెను. మందుపొడినికూడ ఆ విధముగనే ఒత్తవచ్చునని ఆ పేటెంటులోనే చెప్పెను. పెన్సిలు ముక్కనుండి మందుబిళ్ల పుట్టినదన్నమాట. 1884లో బరోస్ వెల్కమ్ కంపెనీవారు తమ బిళ్లలకు 'టాబ్లాయిడ్' అను పేరును రిజిస్టరు చేసికొనిరి. చిన్నదిగా కుదించినదను అర్థమున ఆ పేరే పిమ్మట చిన్నపరిమాణపు వార్తాపత్రికల కంటుకొన్నది. మేము బిళ్లయంత్రమును నిందింపము. అది మందును చౌకచేసినది, చెడకుండ నిలిపినది, కల్తీని కొంత కష్టము చేసినది. లక్ష బిళ్లలలో మొదటిదానికిని కడపటిదానికిని భేదము లేకుండ చేసినది. అయితే ఆ లక్ష బిళ్లలును ఎవరి కొలత? చాలవఱకు ఎదిగిన మనుష్యుని కొలత. వైద్యుడు చూలాలికి, ముసలివానికి, పాలబిడ్డకు వేఱువేఱుగా నూఱి పొట్లముకట్టు కాలము పోయి, అంగడిలో నున్న బిళ్లకు రోగి సరిపోవలసిన కాలము వచ్చినది.

సరిపోనివాడు బిళ్లను విఱుచుకొనవలెను. ఈ సంగతి మేము పుస్తకములలో చదివి చెప్పుటలేదు. కొన్నియేండ్ల క్రిందట మా చిన్నమ్మాయికి రెండవయేట మూర్ఛలు వచ్చెను. వైద్యుడు మంచివాడు, బరువు తూచి, లెక్కకట్టి, ఉదయము పావుబిళ్ల, రాత్రి పావుబిళ్ల యని వ్రాసియిచ్చెను. ఆ బిళ్ల పెసరగింజకంటె కొంచెము పెద్దది. మా యింటివారు పలకను బోర్లించి, దానిమీద కొత్త బ్లేడుతో దానిని కోయవలెను. ఒకనాడు నాలుగు ముక్కలు వచ్చును. ఒకనాడు మూడు ముక్కలును కొంత పొడియు వచ్చును. ఆ పొడిని ఏ పూటకు లెక్కపెట్టవలెనో మాకు తెలియలేదు. ఒకనాటి నాలుగు ముక్కలను మా వీథిలోని కంసాలివద్దకు కొనిపోయి తూయించితిమి. పెద్దముక్క చిన్నముక్కకు దాదాపు ఒకటిన్నర రెట్లు తూగెను. పెద్దముక్క తిన్ననాడు పిల్ల పగలెల్ల మత్తుగా పడియుండుట, చిన్నముక్క తిన్నరాత్రి మేము మేలుకొని కాపలాకాయుట మాకు తెలిసినదే. ఆ భేదమంతయు ముక్కవలననే కలిగెనని మేము శపథము చేయలేము. కంసాలిత్రాసు చూచినపిమ్మట మాత్రము మా యింట నెవరికిని నిశ్చింతగా నిద్ర పట్టలేదు. పిల్ల ఇప్పుడు కులాసాగ నున్నది.

బిళ్ల వలదు, పానకము వాడరాదా యని యడుగవచ్చును. పానకమును చుక్కచుక్కగా కొలువవచ్చును. బిడ్డ సులభముగా మ్రింగును. అందుచేతనే లోకమంతట పిల్లలమందు పానకరూపమున నడచినది. కాని పానకమునకు మందును కరగించు ద్రవము కావలెను, చెడకుండ నిలుపు పదార్థము కావలెను, చేదు మఱపించు తీపి కావలెను. ఈ మార్గముననే పసివారికి గొప్ప అనర్థములు వచ్చినవి. 1937లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున నొక కంపెనీ, సల్ఫనిలమైడ్ అను మంచి మందును మ్రింగ సులభముగ చేయుటకై డైఎథిలీన్ గ్లైకాల్ అను తియ్యని ద్రవములో కరగించి, పండ్లరుచి కలిపి, ఎలిక్సిర్ అని పేరుపెట్టి పంపెను. ఆ ద్రవము మూత్రపిండములను చంపును. దానిని ఎవరును జంతువుపైనైనను పరీక్షింపలేదు. నూఱుమందికిపైగా మరణించిరి; వారిలో అనేకులు పిల్లలు. ఆనాటి చట్టమున కంపెనీపై మోపదగిన నేరము హత్య కాదు, విషము కాదు. సారాయము లేని మందుకు ఎలిక్సిర్ అని తప్పుపేరు పెట్టుట మాత్రమే! 1938లో కొత్తచట్టము పుట్టినది. అయినను ఆ ద్రవము పసివారిని విడువలేదు. 2022లో గాంబియా దేశమున సుమారు డెబ్బదిమంది పిల్లల మరణములకు భారతదేశమున తయారైన పానకములతో సంబంధము కలదని ప్రపంచారోగ్యసంస్థ హెచ్చరించెను. 2025లో మన మధ్యప్రదేశపు ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు త్రాగి ఇరువదికిపైగా పిల్లలు చనిపోయిరి. ఆ సీసాలలో దొరకినది ఆ డైఎథిలీన్ గ్లైకాలే. ఎనుబదియెనిమిదేండ్లు గడచినను అదే విషము, అదే తీపి, అవే మూత్రపిండములు.

బిడ్డ పెద్దవానిలో భిన్నమన్న భ్రాంతి మఱొక దారిని తొలగినది. క్లోరాంఫెనికాల్ అను మందు పెద్దవారిలో సన్నిపాతజ్వరమునకు సంజీవనియయ్యెను. దానిని బరువులెక్కచొప్పున అప్పుడే పుట్టిన శిశువులకు, ముఖ్యముగా నెలలు నిండక పుట్టినవారికి ఇచ్చిరి. వారి దేహము బూడిదవన్నెకు తిరిగి, రక్తప్రసారము కుంటువడి, కొందఱు మరణించిరి. 1959లో అమెరికా వైద్యులు దీని కారణమును వెల్లడించిరి: ఆ మందును నిర్వీర్యముచేసి వెలికిపంపు శక్తి శిశువు కాలేయమునకు ఇంకను రాలేదు, పూటపూటకు మందు ఒంటిలో కూడుకొన్నది. ఇచ్చట భాగహారము తప్పుకాలేదు, భాగింపదగినదన్న ఊహయే తప్పయినది. 1968లో హ్యారీ షర్కీ అను వైద్యుడు ఈ పిల్లలకు 'చికిత్సలోకపు అనాథలు' అని పేరుపెట్టెను. మందులను పెద్దవారిలో పరీక్షించి, పిల్లలకు వాడదగునని ఋజువు లేదని పొట్లముమీద ముద్రించి, కంపెనీలు చేతులు దులుపుకొనెడివి. వైద్యుడు తన పూచీమీద వాడెడివాడు. పిల్లలమీద పరీక్షింపరాదన్న దయయే వారినందఱిని లెక్కలేని పరీక్షకు గుఱిచేసినది. 2002, 2003 సంవత్సరములలో అమెరికాయును, 2007నుండి ఐరోపా సంఘమును పిల్లలలో మందుల పరిశీలనకు చట్టములు చేసినవి. 2007లోనే ప్రపంచారోగ్యసంస్థ పిల్లల కవశ్యమైన మందుల పట్టికను మొదటిసారి వేఱుగా ప్రకటించెను.

ఈ కథలో ఆంధ్రులకును ఒక పాలు కలదు. 1895లో భీమవరమున జన్మించి అమెరికాకు పోయిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, లెడర్లీ పరిశోధనాలయమున తమ సహచరులతో ఫోలిక్ ఆమ్లమును, దానికి శత్రువులైన పదార్థములను సిద్ధపఱచిరి. వానిలో నొకటియగు అమినోప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ రక్తపుకాన్సరు గల పిల్లల కిచ్చి, 1948లో ఫలితమును ప్రకటించెను: పదునాఱుమందిలో పదిమందికి కొంతకాలము రోగము వెనుకకు తగ్గెను. అంతకుముందు ఆ రోగమునకు మందే లేదు. సుబ్బారావుగారు ఆ యేటనే గతించిరి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్, 1953లో వచ్చిన మెర్కాప్టోప్యూరిన్ అను మఱొక మందు, ఈ రెండును నేటికిని ఆ రోగము గల పిల్లలు రెండేండ్లకు తక్కువ కాకుండ ఇంటివద్ద మ్రింగుచున్న బిళ్లలు.

ఆ రోగమునకు మోతాదును చర్మవైశాల్యమునుబట్టి కట్టి, రక్తపరీక్ష చూచి పెంచుచు తగ్గించుచుందురు. హెచ్చయినచో తెల్లరక్తకణములు పడిపోయి చిన్న జ్వరమే ప్రాణాంతకమగును. తగ్గినచో రోగము మరలును. మెర్కాప్టోప్యూరిన్ బిళ్ల 50 మిల్లీగ్రాములు. మూడేండ్ల బిడ్డకు రోజునకు ముప్పదియెనిమిది కావలసినచో తల్లి యేమిచేయవలెను? ఈరోజు ఒకటి, రేపు సగము, వారమునకు సగటు సరిపోవునట్లు పట్టిక వ్రాసి గోడకు అంటించుకొనవలెను. కోసినప్పుడు లేచు ధూళి కోయువారికి మంచిది కాదు. ఆమె గర్భవతియైనచో అసలే తాకరాదు. ఐరోపాలో 2012నుండి దీని ద్రవరూపము కలదు గాని, బిళ్లకంటె చాల ఖరీదు. భీమవరమునుండి బోస్టనువఱకు నడచిన ఇంతటి విజ్ఞానమంతయు కడకు వంటయింటిలో బ్లేడుక్రింద చిక్కుకొన్నది.

ఈ చిక్కునకు పరిష్కారములు రెండు విధముల వచ్చినవి. మొదటిది బిళ్లనే చిన్నది చేయుట. రెండు మిల్లీమీటర్ల అడ్డుకొలతగల బిళ్లలను పాలబిడ్డలుకూడ పానకమంత సులభముగ మ్రింగగలరని జర్మనీలో పరీక్షించి చూపిరి. మూత్రపిండములపైనుండు అడ్రినల్ గ్రంథి పనిచేయని శిశువులకు జీవితాంతము కావలసిన హైడ్రోకార్టిసోన్‌ను అర మిల్లీగ్రామునుండి కొలిచి గుళికలలో నింపిన నూకలను 2018లో ఐరోపా అంగీకరించెను. అంతవఱకు పది మిల్లీగ్రాముల బిళ్లనే కోసి, నూఱి పెట్టెడివారు. రెండవది అచ్చొత్తుట.

అచ్చొత్తుటలో ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. ఎం.ఐ.టి. అను ప్రసిద్ధ అమెరికా విద్యాలయమున సాక్స్, సీమా మొదలగువారు 1989లో పేటెంటు కోరిన పద్ధతి మొదటిది. ముగ్గుపిండిని పలుచని పొరగా పఱచి, కావలసినచోట మాత్రము నీటిచుక్కలు రాల్చినచో అంతమేర పిండి గట్టిపడును. దానిపై మఱియొక పొర, మరల చుక్కలు. ఇట్లు పొరపై పొరగా వస్తువు లేచును. ఈ విధముగ చేసిన మూర్ఛరోగపు మందొకటి 2015లో అమెరికా ప్రభుత్వపు అంగీకారము పొందెను. ఇట్లు అచ్చొత్తిన మందులలో అంగీకారము పొందినది అదియే మొదటిది. నొక్కిచేసినది కానందున దానిలో రంధ్రము లధికము; గుక్కెడు నీటితో నోటిలోనే కరగిపోవును. లోకమంతయు దానిని పొగడినది. మేమును పొగడుదుము, కాని యొక సంగతి మఱువరాదు: అది 250, 500, 750, 1000 మిల్లీగ్రాములను నాలుగు కొలతలలోనే ఫ్యాక్టరీనుండి వచ్చినది, చిన్నపిల్లలలో నాలుగేండ్లు నిండినవారికే అంగీకరింపబడినది. అచ్చు కొత్తది, మాత్ర పాతది. మా యమ్మాయి రెండవయేట దానివలన మా కేమియు ఒరిగెడిది కాదు.

రెండవ పద్ధతి మన గృహిణులకు చెప్పనక్కఱలేదు, అది జంతికలగొట్టము. మందును జిగురుపదార్థముతో ముద్దగాచేసి, గొట్టమున నింపి, వెచ్చచేసి, సన్నని రంధ్రమునుండి నొత్తుచు చుట్టలుగా పేర్చుదురు. చేయి తిప్పు పనిని యంత్రము చేయును. ఎంత ముద్ద వదలవలెనో లెక్కయంత్రము చెప్పును. ముద్దలో మందు సమముగా కలిసియున్నచో, ఎంత పరిమాణమో అంత మోతాదు. ఈ బిడ్డకు ముప్పదియెనిమిది, ఆ బిడ్డకు నలుబదిమూడు అని అంకె మార్చినచో చాలును, అచ్చు మార్చనక్కఱలేదు. వచ్చినదానిని వెంటనే తూచి, కంటికి కనబడని పరారుణ కిరణములతో విఱువకుండగనే లోపలి మందును పరీక్షించు ఉపాయములు కూడ సిద్ధమైనవి.

దీనిని నిజముగ రోగులైన పిల్లలకిచ్చి చూచినది స్పెయిను దేశమున గలీసియా రాష్ట్రపు శాంటియాగో డి కంపోస్టెలా నగరములోని విశ్వవిద్యాలయ వైద్యశాల. ఆ వార్త 2019లో వెలువడెను. రోగము అరుదైనది, మూత్రము కాలిన చక్కెరవాసన వేయును, 1954లో మెంకిస్ అను వైద్యుడు మొదట వర్ణించెను. మాంసకృత్తులలోని మూడు ఆమ్లములను దేహము జీర్ణింపజాలదు. అవి కూడుకొన్నచో మెదడు చెడును. అందుచే ఆహారమున వానిని అడ్డగింతురు. అడ్డగించినప్పుడు ఐసోల్యూసిన్ అను నొకటి మితిమీఱి తగ్గిపోవును గనుక, దానిని కొలిచి మరల ఇయ్యవలెను. హెచ్చుతగ్గులు రెండును కీడే. ఇంతకంటె కొలతకు కఠినమైన పరీక్ష వేఱొకటి యుండదు. ఆ వైద్యశాలలో నలుగురు పిల్లలకు, మూడేండ్లవారు మొదలు పదునాఱేండ్లవారివఱకు, కొంతకాలము వాడుకలోనున్న గుళికలను, కొంతకాలము తమ ఔషధశాలలోనే అచ్చొత్తిన నమలుబిళ్లలను ఇచ్చిరి. చక్కెర, పండ్లనుండి తీయు పెక్టిన్ మొదలైనవి వానికి జిగురు. రంగులు, రుచులు ఆఱువిధములు. అచ్చొత్తినవి వాడినపుడు రక్తములోని కొలత కోరిన అంకెకు దగ్గఱగను, ఎగుడుదిగుడులు తక్కువగను నుండెను. రుచివిషయమున మాత్రము ఒక బిడ్డ మెచ్చినదానిని మఱొక బిడ్డ మెచ్చలేదట. ఇది మనకు వింతకాదు.

నలుగురు పిల్లలు నలుగురే. దీనినిబట్టి జయభేరి మ్రోగించుట తగదు. ఫ్యాక్టరీలో లక్ష బిళ్లలు చేయునప్పుడు కొన్నిటిని పగులగొట్టి పరీక్షించి మిగిలినవానిని నమ్మవచ్చును. ఒక బిడ్డకు పది బిళ్లలు చేయునప్పుడు దేనిని పగులగొట్టవలెను? తప్పు జరిగినచో జవాబుదారి యెవరు: వ్రాసిన వైద్యుడా, ఒత్తిన ఔషధశాలయా, యంత్రము నమ్మినవాడా? ఈ ప్రశ్నలను బ్రిటను 2025లో రోగి చెంతనే తయారగు మందులకై ప్రత్యేక నిబంధనలుచేసి ఎదుర్కొనబూనినది. ఇంకొక భయమును మేము ఉపాధ్యాయులుగా చెప్పుదుము. మందు మిఠాయివలె నుండినచో బిడ్డ దానిని మిఠాయివలెనే దొంగిలించును. తాళపు డబ్బా లేని యింటికి ఈ మందు పంపరాదు. పైగా దశాంశబిందువు ఒకచోట జాఱినచో పదిరెట్ల మోతాదును యంత్రము మిక్కిలి అందముగా అచ్చొత్తి యిచ్చును. ముసలమ్మ సానమీద పదిరెట్లు అఱగదీయవలెనన్న చేయి నొచ్చెడిది. యంత్రమునకు చేయి నొవ్వదు.

మన జిల్లా ఆసుపత్రులకు ఇట్టి యంత్రము వచ్చువఱకు గృహములలో చేయదగినది లేకపోలేదు. పానకమును కాఫీచెంచాతో గాని కూరచెంచాతో గాని కొలువరాదు. చెంచాలన్నియు నొక్క పరిమాణమువి కావు. 2015లో అమెరికా శిశువైద్యసంఘము మోతాదును చెంచాలలో వ్రాయుట మాని మిల్లీలీటర్లలోనే వ్రాయవలెనని తీర్మానించెను. సూదిలేని సిరంజి కొన్ని రూపాయలకే దొరకును. బిళ్లను కోయుమన్నప్పుడు, ఈ బిళ్ల కోయదగినదేనా, దీనికి చిన్నకొలత బిళ్ల వేఱే యున్నదా యని వైద్యుని అడుగుటకు సిగ్గుపడరాదు. కొన్ని బిళ్లలను కోసినచో వాని గుణమే చెడును. అన్నిటికిని ముందు బిడ్డ బరువు నేటిది కావలెను, ఆఱునెలల క్రిందటిది కాదు.

ఈ కడపటి మాట వ్రాయుచుండగా మాకు మా యూరి తూనిక జ్ఞప్తికి వచ్చినది. పిల్లల బరువు చూచుటకుంచిన ఆ తూనికమీద ఎవరును ఎక్కకమునుపే ముల్లు రెండు కిలోలు చూపును. పది కిలోల బిడ్డ విషయమున రెండు కిలోలనగా అయిదవ వంతు. బాగుచేయింపుడని మేము వ్రాసియిచ్చిన అర్జీకి ఇంకను బదులు రాలేదు. అందాక 'రెండు తీసివేయుడు' అని ఒక కాగితమును దానిపై అంటించితిమి.